గడప ఎత్తు వల్ల తలుపు పైకి లేచింది: మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ పుట్టుక

పాత కార్ల మీద కాస్త ఇష్టం ఉన్న ఎవరికైనా ఈ బొమ్మ కళ్లముందు మెదులుతుంది: నేలను అంటుకున్నట్టుండే వెండిరంగు కారు, రెండు తలుపులూ పైకి లేచి, ఎగరబోయే పక్షిలా నిలబడి ఉంటుంది. అది మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ కూపే. ఆ తలుపుల వల్లే ఇంగ్లీషువాళ్లు దాన్ని గల్‌వింగ్ అన్నారు, అంటే సీగల్ పక్షి రెక్క. ఫ్రెంచివాళ్లేమో సీతాకోకచిలుక అన్నారు. 1954 నుంచి 1957 దాకా తయారైనవి 1,400 కార్లే, అందులోనూ ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లిపోయాయి.

డబ్బున్న అమెరికన్లను ఆకట్టుకోవడానికి డిజైనర్ ఎవరో షోకుగా గీసిన తలుపులివి అని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు, చూడటానికి అలాగే ఉంటాయి. కానీ ఈ కారు చరిత్ర వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆ తలుపులు ఎవరూ కోరి పెట్టుకున్నవి కావని అర్థమవుతుంది. చేతిలో డబ్బు లేదు కాబట్టి ఉన్న బరువైన ఇంజన్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది, ఇంజన్ బరువు కాబట్టి ఫ్రేమ్ తేలిగ్గా ఉండాల్సి వచ్చింది, ఫ్రేమ్ అలా ఉంది కాబట్టి కారు గడప ఎత్తుగా వచ్చింది, గడప ఎత్తు కాబట్టి తలుపు పైకి తెరుచుకుంది. ఇంత అందమైన కారు ఇన్ని ఇబ్బందుల్లోంచి వచ్చిందంటే నిజంగా ఆశ్చర్యం వేస్తుంది.

1951 సంగతి చూద్దాం. యుద్ధంలో బాంబులు పడ్డ ఫ్యాక్టరీలను డైమ్లర్-బెంజ్ ఇంకా నిలబెట్టుకుంటూ ఉంది. 1930లలో గ్రాండ్ ప్రీ రేసుల్లో వెండి కార్లతో యూరప్‌ను ఏలిన కంపెనీకి మళ్లీ రేసుల్లోకి రావాలని గట్టిగా ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో యుద్ధానికి ముందు నాటి పాత గ్రాండ్ ప్రీ కార్లను అర్జెంటీనా తీసుకెళ్లి బ్యూనస్ ఎయిరిస్‌లో దింపారు కూడా. అక్కడ ఫెరారీ నడిపిన గొంజాలెజ్ రెండు రేసులూ గెలిచాడు. పాత కార్లతో పని జరగదని తేలిపోయింది. కొత్త గ్రాండ్ ప్రీ కారు కడదామా అంటే, 1954 నుంచి ఫార్ములా వన్ నిబంధనలు మారబోతున్నాయి, రెండేళ్లు పరిగెత్తి పక్కన పడేసే కారు కోసం అంత డబ్బు తగలేయడంలో అర్థం లేదు. ఇక మిగిలిన దారి స్పోర్ట్స్ కార్ రేసులు. లె మాన్ 24 గంటల రేసు, ఇటలీలో మిల్లే మిలియా, మెక్సికోలో కరెరా పానమెరికానా లాంటివి.

ఈ పని రుడోల్ఫ్ ఊలెన్‌హౌట్ చేతిలో పడింది. లండన్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు, తల్లి ఇంగ్లీషు ఆవిడ. తాను కట్టిన కారును తానే ట్రాక్ మీద నడిపి చూసుకునేవాడు, అదీ జీతం తీసుకునే రేస్ డ్రైవర్లకు ఏమాత్రం తీసిపోని వేగంతో. ఆయనకు కొత్త ఇంజన్ ఇవ్వలేదు. కంపెనీ దగ్గర ఉన్నది 300 అనే పెద్ద సెడాన్ ఇంజన్. ఆ సెడాన్ ఎంత పెద్దదంటే జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ అందులోనే తిరిగేవాడు, అందుకే జనం దానికి అడెనావర్ అనే పేరు పెట్టేశారు. ఇంజన్ 2,996 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, పోత ఇనుప బ్లాకు, 115 హార్స్‌పవర్. పెద్దమనుషులను చప్పుడు లేకుండా మోసుకెళ్లడానికి చేసిన ఇంజన్ అది. ఎత్తుగా, పొడవుగా, బరువుగా ఉంటుంది. రేసుకు పనికొచ్చే లక్షణం ఒక్కటే, ఎంతసేపు తోలినా పగిలిపోదు.

కార్బొరేటర్లు పెంచి, వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మార్చి, ఎంత సాగదీసినా 170 హార్స్‌పవర్ దగ్గర ఆగింది. అవతల ఇటాలియన్ కార్లకు అంతకంటే బలమైన ఇంజన్లు ఉన్నాయి. ఇంజన్‌లో బలం రాకపోతే మిగతా కారులో బరువు తగ్గాలి, గాలి అడ్డు తగ్గాలి. ఊలెన్‌హౌట్ చేసిందంతా ఈ రెండు పనులే.

మొదట బరువు. ఆ కాలం కార్లలో చాలావాటికి కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉండేది, రెండు పొడవాటి బలమైన దూలాలు, మధ్యలో అడ్డకమ్మీలు. గట్టిగానే ఉంటుంది కానీ బరువు ఎక్కువ, పైగా మెలితిప్పితే తిరుగుతుంది. ఊలెన్‌హౌట్ ఆ నిచ్చెన పక్కన పెట్టి, సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికిస్తూ పంజరంలాంటి ఫ్రేమ్ కట్టాడు. ఇందులో సూత్రం ఇంట్లోనే చూసుకోవచ్చు. నాలుగు కర్రలను చదరంగా కట్టి ఒక మూల పట్టుకుని తోస్తే అది పక్కకు వాలిపోతుంది. అదే చదరానికి మూల నుంచి మూలకు ఏటవాలుగా ఇంకో కర్ర కట్టి తోయండి, కదలదు. ఇనుప గేటుకు వెనక ఏటవాలు పట్టీ వేసేది ఇందుకే. ఇలా త్రిభుజాలతోనే మొత్తం కట్టేస్తే ఏ గొట్టం మీదా వంచే బలం దాదాపు పడదు, లాగుడో నొక్కుడో మాత్రమే పడుతుంది, కాబట్టి గొట్టం సన్నగా ఉన్నా చాలు. ఫ్రేమ్ మొత్తం దాదాపు 50 కిలోల్లో తేలింది, అంటే మన సిమెంటు బస్తా బరువు. ఒక రేసు కారు అస్థిపంజరం సిమెంటు బస్తా అంత!

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. త్రిభుజాల పంజరం గట్టిగా ఉండాలంటే అది ఎక్కడా తెగకూడదు. ముందు ఇంజన్, వెనక చక్రాలు, మధ్యలో మనుషులు కూర్చునే చోటు. తలుపు కోసం సరిగ్గా ఆ మధ్యలోనే పెద్ద ఖాళీ వదలాలి, వదిలితే కారు నడుం దగ్గర మెత్తబడిపోతుంది. అందుకని సీట్లకు రెండు పక్కలా గొట్టాల అల్లికను బాగా పైకి లేపారు. అలా లేపేసరికి పక్కకు తెరుచుకునే మామూలు తలుపుకు చోటే మిగల్లేదు. మనిషి లోపలికి వెళ్లాలంటే గోడ దూకినట్టు పైనుంచి దిగాలి. కాబట్టి తలుపును కప్పులో పెట్టారు, కీలు కప్పు మధ్యలో.

1952 మార్చిలో స్టుట్‌గార్ట్, హైల్‌బ్రాన్ మధ్య ఆటోబాన్ మీద విలేకరులకు చూపించిన ఆ తొలి కారుకు లోపలి పేరు డబ్ల్యూ 194. దాని తలుపులు ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే తలుపుల్లా ఉండవు. నిజానికి అవి తలుపులు కూడా కావు, కిటికీ గాజూ, దానిపైన కొంత కప్పూ కలిసి ఒక మూతలా పైకి లేచేవి, అంతే. నడుం కింద ఏమీ తెరుచుకోదు. డ్రైవరు స్టీరింగ్ చక్రం ఊడదీసి, కిటికీలోంచి కాళ్లు ముందు పెట్టి, సీట్లోకి జారి, మళ్లీ చక్రం తగిలించుకునేవాడు.

ఆ మేలో మిల్లే మిలియా దగ్గర దీని మీద ప్రశ్నలు లేచాయి. ఇది తలుపా, కిటికీయా? నిబంధనల్లో తలుపు ఉండాలని ఉంది కానీ ఎటు తెరుచుకోవాలో ఎక్కడా రాసిలేదు. కారు పరిగెత్తింది, మెర్సిడెస్ డ్రైవరు కార్ల్ క్లింగ్ రెండో స్థానంలో వచ్చాడు. కానీ లె మాన్‌లో ఇదే పేచీ మళ్లీ రాకూడదని, జూన్‌లోగా ఆ మూతను కిందికి పొడిగించి కారు పక్కభాగంలోకి కొంత దింపారు. ఈరోజు లక్షలమంది గోడల మీద పోస్టర్లలో ఉన్న ఆ తలుపు ఆకారం వచ్చింది ఇక్కడే. ఫ్రేమ్ ఎంతవరకు ఒప్పుకుందో అంతవరకు దిగింది, అక్కడ ఆగింది.

రెండో పని గాలి అడ్డు తగ్గించడం. ముక్కు సన్నగా, పల్చగా ఉండాలంటే అంత ఎత్తు ఇంజన్ నిటారుగా కూర్చోదు. దాన్ని ఎడమవైపుకు 50 డిగ్రీలు వాల్చేశారు, దాదాపు పడుకోబెట్టినట్టే. బానెట్ కిందికి దిగింది. కప్పు వెనక్కి జారుతూ వెళ్లింది. పల్చటి అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమలోహం రేకుతో నున్నటి ఒళ్లు. అలంకారం కోసం ఒక్క గీత కూడా లేదు.

ఇంత చేసినా అది ప్రత్యర్థుల కంటే బలమైన కారేమీ కాదు, కాబట్టి లె మాన్‌లో వ్యూహం ఓపిక. ఇంజన్‌ను అదుపులో ఉంచి, వేగాన్ని లెక్కగా నడపడం. పియర్ లెవెగ్ అనే ఫ్రెంచి డ్రైవరు తన టాల్బో కారులో ముందున్నాడు, తోటి డ్రైవరుకు సీటు ఇవ్వకుండా దాదాపు 23 గంటలు ఒక్కడే నడిపాడు, చివరికి గంటకు పైచిలుకు సమయం మిగిలి ఉండగా అతని ఇంజన్ పోయింది. హెర్మాన్ లాంగ్, ఫ్రిట్జ్ రీస్ నడిపిన మెర్సిడెస్ మొదట, హెల్‌ఫ్రిష్, నీడర్‌మాయర్ నడిపిన ఇంకో మెర్సిడెస్ రెండోది. సగటు వేగం గంటకు 155 కిలోమీటర్లు. అదృష్టం కలిసొచ్చిందని అనొచ్చు, కానీ 24 గంటలు పగలకుండా నిలబడటమే ఆ రేసులో అసలు పరీక్ష, సెడాన్ ఇంజన్ ఆ పరీక్షలో నెగ్గింది.

నవంబరులో మెక్సికో. కరెరా పానమెరికానా అంటే దక్షిణాన టుక్స్‌ట్లా నుంచి ఉత్తరాన హ్వారెజ్ దాకా 3,000 కిలోమీటర్లకు పైగా మామూలు రోడ్ల మీద పరుగు. మొదటి రోజే, క్లింగ్ గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో ఒక మలుపు తిరుగుతుండగా రోడ్డు పక్క నుంచి లేచిన రాబందు ముందు అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికొచ్చి, పక్కసీట్లో ఉన్న హాన్స్ క్లెంక్‌ను కొట్టింది. మొహమంతా రక్తం, గాజు ముక్కలు. అయినా టైర్లు మార్చే చోటు వచ్చేదాకా ఆగవద్దనే అన్నాడాయన. ఆ తర్వాత అద్దం ముందు ఎనిమిది నిలువు ఇనుప కడ్డీలు బిగించారు, పాతకాలం ఇంటి కిటికీకి ఉండే ఊచల్లా. ఆ ఊచలతోనే వాళ్లు గెలిచారు. ఆ ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. రేసు కారులో ప్రతి ముక్కా ఏదో ఒక కష్టానికి జవాబు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రేసు కారు గెలిచింది, దాన్నే కాస్త సర్ది రోడ్డు మీద అమ్మారు అని చాలాచోట్ల కథను ఇక్కడితో ముగిస్తారు. అది సగం నిజమే. మధ్యలో ఇంకో కారు ఉంది, దాన్ని వదిలేస్తే రోడ్డు కారు అర్థం కాదు.

1953 రేసుల కోసం ఊలెన్‌హౌట్ బృందం డబ్ల్యూ 194ను మళ్లీ మొదటినుంచి ఆలోచించి 11వ నంబరు కారు కట్టింది. మెగ్నీషియం ఒళ్లు, పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), బరువు సమంగా ఉండటానికి వెనక్కి జరిపిన గేర్‌బాక్స్. ముక్కు ఆకారం చూసి ఫ్యాక్టరీలో దానికి హోబెల్ అని ముద్దుపేరు పెట్టారు. జర్మన్‌లో హోబెల్ అంటే వడ్రంగి చేతిలో ఉండే చిత్రిక. చిత్రిక ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ పేరు ఇట్టే అర్థమవుతుంది, కిందికి ఒత్తిపట్టి ముందుకు తోసుకుంటూ పోయే వాలకం. ఈ కారు ఒక్క రేసులోనూ పరిగెత్తలేదు. కంపెనీ మొత్తం శక్తిని 1954 ఫార్ములా వన్ కారు మీద పెట్టాలని నిర్ణయించడంతో హోబెల్ షెడ్డులోనే ఉండిపోయింది.

కానీ రేసు మొహం చూడని ఆ కారులోనే అసలు విషయం ఉంది: నేరుగా సిలిండర్లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్. కార్బొరేటర్ అంటే గాలి పోతూ పోతూ పెట్రోల్‌ను పీల్చుకుని వెళ్తుంది, ఆరు సిలిండర్లకూ సమానంగా అందుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడ అలా కాదు, బాష్ కంపెనీ చేసిన పంపు ఒక్కో సిలిండర్‌కూ కొలిచి, గట్టి ఒత్తిడితో నేరుగా లోపలికి చిమ్ముతుంది. యుద్ధకాలంలో డైమ్లర్-బెంజ్ విమానాల ఇంజన్లలో ఈ పద్ధతి వాడింది, ఆ అనుభవం ఇంట్లోనే ఉంది. హాన్స్ షెరెన్‌బర్గ్ అనే ఇంజనీరు మధ్యలో గుట్‌బ్రాడ్ అనే చిన్న కంపెనీలో టూ స్ట్రోక్ కారుకు ఇదే పద్ధతి పెట్టి, 1952లో తిరిగి డైమ్లర్-బెంజ్‌కు వచ్చాడు. మరి పాత సెడాన్ ఇంజన్లో ఇంజెక్టర్ పెట్టడానికి కొత్త చోటు ఎక్కడిది? స్పార్క్ ప్లగ్ ఉన్న రంధ్రంలో ఇంజెక్టర్ పెట్టి, ప్లగ్‌ను సిలిండర్ల పైమూత అయిన హెడ్‌లోకి మార్చారు. ఉన్నదాంట్లోనే సర్దుకోవడం ఇక్కడా కనిపిస్తుంది.

ఇంతలో న్యూయార్క్ నుంచి మాక్స్ హాఫ్‌మన్ వచ్చాడు. వియన్నాలో పుట్టి, అమెరికాలో యూరప్ కార్లు దిగుమతి చేసి అమ్మే వ్యాపారి. మా దగ్గర డబ్బున్న కుర్రకారు ఉన్నారు, వాళ్లకు అమ్మడానికి మీ రేసు కారులాంటి స్పోర్ట్స్ కారు కావాలి, ఇదీ ఆయన వాదన. 1953 సెప్టెంబరు మొదట్లో కంపెనీ బోర్డు సరేనంది. 1954 ఫిబ్రవరి 6న న్యూయార్క్ మోటార్ షోలో కారు నిలబడాలి. అంటే చేతిలో ఐదు నెలలు. ఐదు నెలల్లో కొత్త కారు గీసి కట్టడం ఎవరివల్లా కాదు, ఆ టెన్షన్‌లో వాళ్లు చేయగలిగిందల్లా ఉన్నవాటిని కలపడమే. గొట్టాల ఫ్రేమ్, ఎత్తు గడప, పైకి లేచే తలుపులు డబ్ల్యూ 194 నుంచి వచ్చాయి, ఇంజెక్షన్ హోబెల్ నుంచి వచ్చింది, ముక్కు తీరులో కూడా హోబెల్ పోలిక ఉంది. వెనకకు జరిపిన గేర్‌బాక్స్ మాత్రం తీసుకోలేదు, దాన్ని మామూలుగా ఇంజన్ వెనకే పెట్టారు. ఫ్రీడ్రిష్ గైగర్ అనే డిజైనర్ ఆ నున్నటి రేసు ఒంటికి చక్రాల మీద కనుబొమల్లాంటి గీతలు, బానెట్ మీద జంట ఉబ్బులు చేర్చాడు. ఆ రెండు ఉబ్బుల్లో వాలిన ఇంజన్‌కు కావలసింది ఒకటే, రెండోది జత కోసం.

ఒంటిలో ఎక్కువ భాగం ఉక్కు అయింది, బానెట్, తలుపులు, డిక్కీ మూత మాత్రం అల్యూమినియం. మొత్తం అల్యూమినియంతో చేసినవి 29 మాత్రమే. బరువు దాదాపు 1,300 కిలోలకు చేరింది. కానీ ఇంజెక్షన్ పుణ్యమా అని బలం 215 హార్స్‌పవర్, అంటే లె మాన్ గెలిచిన రేసు కారు కంటే షోరూమ్‌లో కొనుక్కునే కారుకే ఎక్కువ బలం. ఇది చరిత్రలో చాలా అరుదుగా జరిగే సంగతి, దీని గురించి చెప్పాల్సినంత ఎవరూ చెప్పరు. వెనక ఆక్సిల్ (చక్రాలను తిప్పే ఇరుసు) గేరు నిష్పత్తిని బట్టి 260 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లగలిగేది. ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌కు నేరుగా ఇంజెక్షన్ పెట్టి అమ్మిన మొదటి కారు కూడా ఇదే.

అయితే రేసు కారు నుంచి మంచి గుణాలే రాలేదు, ఇబ్బందులూ వచ్చాయి. ఆ ఇంజెక్షన్ పంపు ఇంజన్‌తో పాటు తిరిగే యంత్రం. తాళం తిప్పి ఆపేసినా ఇంజన్ పూర్తిగా ఆగేదాకా ఆ కొన్ని చుట్లలో పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. గ్రీజు చేతిని పెట్రోల్‌తో తుడుచుకుంటే ఏమవుతుందో అదే. గంటలకొద్దీ ఆగకుండా పరిగెత్తే రేసు కారులో ఇది సమస్య కాదు, కొట్టుదాకా వెళ్లి ఆపి మళ్లీ స్టార్ట్ చేసే యజమానికి మాత్రం మాటిమాటికీ ఆయిల్ మార్పించుకోక తప్పలేదు.

వెనక చక్రాల సంగతి ఇంకా తీవ్రం. స్వింగ్ ఆక్సిల్ పద్ధతిలో వెనక చక్రాలు రెండూ కారు మధ్య నుంచి రెక్కల్లా ఊగుతాయి. వేగంగా మలుపు తిరుగుతూ భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, టైరు పట్టు తప్పి వెనక భాగం పక్కకు తన్నుకుపోతుంది. క్లింగ్, లాంగ్‌లాంటివాళ్లకు ఇది తెలుసు, మలుపులో కాలు తీయరు. కొత్తగా కొన్న డాక్టరుగారో, వ్యాపారస్తుడో తీస్తారు. రేసు డ్రైవరుకు అలవాటైన గుణం మామూలు మనిషికి ప్రాణాంతకం కావచ్చు, ఈ కారును ఎంత మెచ్చుకున్నా ఈ మాట దాటవేయకూడదు.

కిటికీ గాజు కిందికి దిగదు, ఎందుకంటే ఆ తలుపులో గాజు దూరే చోటు లేదు. గాలి కావాలంటే గాజు మొత్తం ఊడదీసి పక్కన పెట్టుకోవాలి. ఎండలో లోపల ఉడికిపోవడమే. లోపలికి ఎక్కడం కూడా ఒక విద్య. తలుపు పైకి ఎత్తి, వెడల్పాటి గడప మీద కూర్చుని, కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తిప్పుకుని, సీట్లోకి జారాలి. మోకాళ్లు తగలకుండా స్టీరింగ్ చక్రం మెడ వంచి కిందికి పడుతుంది. డబ్ల్యూ 194 డ్రైవరు చక్రం ఊడదీసి పెట్టుకున్న పని ఇక్కడ ఒక చిన్న మడతగా మారింది, అంతే. చీర కట్టుకున్నవాళ్ల సంగతి అటుంచి, బిగుతు స్కర్టులు వేసుకునే 1950ల అమెరికా ఆడవాళ్లకు కూడా ఆ గడప దాటడం ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు.

300 ఎస్‌ఎల్‌ఆర్ అనే పేరుతో ఇంకో కారు ఉంది, పైకి లేచే తలుపులతో, ఊలెన్‌హౌట్ కూపే అంటారు. 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది అదే. పేరూ, తలుపులూ చూసి రెండింటినీ ఒకటే అనుకుంటారు కానీ అది 1955 నాటి వేరే కారు, దాని మూలాలు ఫార్ములా వన్ కారులో ఉన్నాయి, చేసినవి రెండే రెండు.

మొత్తం కథలో తలుపు గురించిన వాదన నిజమో కాదో తేల్చే రుజువు 1957లో దొరుకుతుంది. అమెరికా కొనుగోలుదారులకు ఎండలో పై కప్పు తీసి నడిపే కారు కావాలి. కప్పు తీసేస్తే కప్పుకు బిగించిన తలుపులు ఎలా నిలుస్తాయి? కాబట్టి 300 ఎస్‌ఎల్ రోడ్‌స్టర్ కోసం గొట్టాల ఫ్రేమ్‌నే మళ్లీ గీశారు. సీట్ల పక్కన అల్లిక ఎత్తు తగ్గించి, పోయిన బలాన్ని వేరే చోట గొట్టాలతో పూరించారు. వెనక ఆక్సిల్‌ను కూడా మార్చి, ఊగే కీలును కిందికి దింపారు, ఆ తన్నుకుపోయే గుణం చాలావరకు తగ్గింది. గడప కిందికి దిగిన మరుక్షణం తలుపు అన్ని కార్లకూ ఉన్నట్టే పక్కకు తెరుచుకుంది, గాజు కిందికి దిగింది. రోడ్‌స్టర్లు 1963 దాకా 1,858 తయారయ్యాయి, కూపే కంటే ఎక్కువ. రోడ్‌స్టర్ వచ్చిన 1957లోనే కూపే ఆగిపోయింది, దానితో పాటే ఆ తలుపులూ.